సబ్ లెఫ్టినెంట్: అధికారం ముందు, అనుభవం తరువాత

భారత నౌకాదళానికి అధిపతులుగా పనిచేసిన ఇద్దరు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. ఒకరు వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి. 1958 ఏప్రిల్ 22న బ్రిటిష్ అధికారి చేతి నుంచి బాధ్యతలు అందుకుని, ఆ పదవిలో కూర్చున్న తొలి భారతీయుడాయన. 1983 జనవరిలో ఇక్కడే మరణించారు. రెండోవారు అడ్మిరల్ లక్ష్మీనారాయణ రాందాస్. 1990 నుంచి 1993 దాకా నౌకాదళాధిపతి. 2024 మార్చి 15న ఇక్కడి మిలిటరీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన కటారిగారికి అల్లుడు కూడా. కంటోన్మెంట్ ఊరు కాబట్టి ఇక్కడ సైనికాధికారుల జ్ఞాపకాలకు కొదవ లేదు. అయితే ఆ జ్ఞాపకాలు సాధారణంగా జనరళ్లు, అడ్మిరళ్ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. నిచ్చెన కింది మెట్టు మీద, భుజాన ఒకే ఒక్క బంగారు చారతో నిలబడే ఇరవై రెండేళ్ల సబ్ లెఫ్టినెంట్ గురించి మాట్లాడేవారు తక్కువ.

ఈ వ్యాసం ఆ మెట్టు గురించే. అది నిజమైన ఉద్యోగమా, శిక్షణకు పొడిగింపా? అనుభవం లేని కుర్రాడికో అమ్మాయికో వందల మంది ప్రాణాలున్న ఓడ మీద అధికారం ముందే ఇవ్వడం సబబేనా? నౌకాదళాలు మూడు శతాబ్దాలుగా ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు చెబుతూ వస్తున్నాయి. అన్నీ చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటుంది. అధికారం ముందే ఇవ్వడంలో తప్పు లేదు. ఆ తరువాత అనుభవం దక్కే కాలాన్ని కుదించడంలోనే ప్రమాదమంతా ఉంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. తిరుమలగిరి, బొల్లారం, సైనిక్‌పురి వైపు పెరిగినవారికి జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అంటే వెంటనే గుర్తొచ్చేది సుబేదార్ సాబ్. సిపాయిగా చేరి, పాతికేళ్లు పైబడి సేవ చేసి, పటాలంలో ప్రతి కుర్రాడి ఇంటి సంగతీ ఎరిగిన పెద్దమనిషి. నౌకాదళంలో కింది స్థాయి కమిషన్డ్ అధికారి అనగానే ఆయన్నే ఊహించుకుంటారు. ఆ ఊహ సరికాదు. 1950 నాటి ఆర్మీ చట్టం జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. 1957 నాటి నేవీ చట్టంలో అలాంటి వర్గం లేదు. అక్కడ ఉన్నవి రెండే పక్షాలు: అధికారి, నావికుడు. సుబేదార్ మేజర్‌తో సమానంగా లెక్కించే మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్ ఫస్ట్ క్లాస్, సుబేదార్‌తో సమానమైన సెకండ్ క్లాస్, నాయబ్ సుబేదార్‌కు సాటి అయిన చీఫ్ పెటీ ఆఫీసర్, ముగ్గురూ చట్టం దృష్టిలో నావికులే. సబ్ లెఫ్టినెంట్ మాత్రం అధికారి. సైన్యంలో లెఫ్టినెంట్‌కూ వైమానిక దళంలో ఫ్లయింగ్ ఆఫీసర్‌కూ సమానుడు.

జీతాల పట్టీ కూడా అదే చెబుతుంది. ఏడో వేతన సంఘం లెక్కలో సబ్ లెఫ్టినెంట్ లెవల్ 10లో, 56,100 రూపాయల మూలవేతనంతో మొదలవుతాడు. దాని మీద సైనిక సేవా వేతనం 15,500. మాస్టర్ చీఫ్ ఫస్ట్ క్లాస్‌ది లెవల్ 8, అది మొదలయ్యేది 47,600 దగ్గర. ఆయనకు సైనిక సేవా వేతనం 5,200. సర్వీసు పెరిగి మూలవేతనం ఎక్కువైనా ఈ రెండో అంకె మారదు. తుఫానులో ఇద్దరూ ఒకే ఓడ మీద ఉంటారు, ఒకే అల తగులుతుంది. అలాంటప్పుడు ఆ కష్టానికిచ్చే భత్యంలో మూడింతల తేడా ఎందుకన్నది మాజీ నావికులు ఎన్నేళ్లుగానో అడుగుతున్న ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నేనని నేననుకుంటాను.

ఈ పదవి పుట్టుక కథ బ్రిటన్‌లో ఉంది. ఒకప్పుడు అక్కడ ఓడ మీద అధికారి కావడానికి పెద్దింటి సిఫారసు ఉంటే చాలు. ఆ పద్ధతిని నౌకాదళ పాలనాధికారి శామ్యూల్ పీప్స్ 1677లో మార్చాడు. లెఫ్టినెంట్ కావాలంటే కొన్నేళ్లు సముద్రం మీద గడిపి, ఆపై పరీక్షలో నెగ్గాలన్నాడు. దాంతో ఒక చిక్కు వచ్చింది. పరీక్ష పాసై కూడా ఖాళీ లేక ఏళ్ల తరబడి మిడ్‌షిప్‌మన్‌లుగా, మేట్లుగా మిగిలిపోయినవాళ్లు పోగయ్యారు. బ్రిటిష్ నౌకాదళం 1861లో మేట్ హోదాను సబ్ లెఫ్టినెంట్‌గా మార్చి వాళ్లకో స్థానం కల్పించింది. మరుసటి ఏడాది, 1862లో, అంతర్యుద్ధం మధ్యలో అమెరికా తన నౌకాదళంలో ఇదే మెట్టుకు ఎన్సైన్ హోదాను తెచ్చింది. అంటే మొదట్లో ఇది పరీక్ష నెగ్గి, సముద్రం చూసి, వరుసలో నిలబడినవాడి పదవి. కాలక్రమంలో అకాడమీల నుంచి నేరుగా వచ్చే పట్టభద్రుల పదవిగా మారింది. నేటి వాదాలన్నిటికీ మూలం ఈ మార్పులోనే ఉంది.

మన దేశంలో ఈ హోదాకు చారిత్రక గౌరవం ఉంది. నాటి రాయల్ ఇండియన్ మెరైన్‌లో కమిషన్ పొందిన మొదటి భారతీయుడు డి.ఎన్. ముఖర్జీ 1928లో చేరింది ఇంజనీరింగ్ శాఖ సబ్ లెఫ్టినెంట్‌గానే. రాయల్ ఇండియన్ నేవీ అన్న పేరు ఆ సంస్థకు వచ్చింది 1934లో. తెల్లవారి మెస్‌లో ఒక్క భారతీయుడు, భుజాన ఒక్క చార. ఆ ఒంటరితనం ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1927లో, వాణిజ్య నౌకల అధికారులను తయారుచేయడానికి బొంబాయిలో డఫరిన్ శిక్షణ ఓడ మొదలైంది. తొలి జట్టు కేడెట్లలో కటారి ఒకరు. బ్రిటన్‌లోని డార్ట్‌మత్ నౌకాదళ కళాశాలలో చదివి ఆయన నౌకాదళంలోకి రాలేదు. హుగ్లీ నదిలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక రిజర్వ్ అధికారిగా యూనిఫాం వేసుకున్నారు. ఆ దారిలో వచ్చిన మనిషి దేశ నౌకాదళానికి అధిపతి కావడం, ఆయన హయాంలోనే తొలి విమానవాహక నౌక విక్రాంత్ 1961 నవంబరులో బొంబాయి చేరడం ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. పదవీ విరమణ తరువాత బర్మాలో భారత రాయబారిగా, ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఛైర్మన్‌గా కూడా పనిచేశారు.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ కేంద్రం నావికులు చేసిన తిరుగుబాటును కూడా ఇక్కడ తలుచుకోవాలి. తిండి బాగోలేదు, జీతాల్లో వివక్ష ఉంది, వీటికి తోడు కమాండింగ్ ఆఫీసర్ నోటి దురుసు. అధికారి హోదా ఉన్నంత మాత్రాన నావికుడు తలవంచడని ఆ వారం రోజులు రుజువు చేశాయి. స్వతంత్ర నౌకాదళంలో కుర్ర అధికారులకు నేర్పే మొదటి పాఠాల్లో నావికుడి బాగోగులు చూసుకోవడం ఒకటైందంటే దాని వెనక ఆ చరిత్ర ఉంది.

ఇప్పుడు సికింద్రాబాద్ పిల్లలు ఈ పదవికి ఎలా చేరతారో చూద్దాం. ఇంటర్‌లో ఎంపీసీ చదివి యూపీఎస్సీ పెట్టే ఎన్‌డీఏ పరీక్ష రాయడం ఒక దారి. జేఈఈ మెయిన్ ర్యాంకుతో బీటెక్ ఎంట్రీకి పోయి, కేరళలో కన్నూర్ దగ్గరి ఎళిమల నౌకాదళ అకాడమీలో చదవడం ఇంకో దారి. డిగ్రీ తరువాత సీడీఎస్, ఇంజనీరింగ్ తరువాత షార్ట్ సర్వీస్ ఉండనే ఉన్నాయి. ఏ దారిన వెళ్లినా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ తప్పదు. జేఈఈ కోచింగ్‌కు లక్షలు పోసే మన ఊళ్లో, అదే ర్యాంకు నౌకాదళానికీ పనికొస్తుందని తెలిసిన తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారో సందేహమే. మర్చంట్ నేవీనీ దీన్నీ ఒకటిగా లెక్కగట్టేవారు మాత్రం చాలామందే. అందులో ఉండేది కంపెనీ ఉద్యోగం, ఒప్పందం, జీతం. ఇందులో ఉండేది రాష్ట్రపతి ఇచ్చే కమిషన్.

ఈ ఊరికి ఇంకో సంబంధమూ ఉంది, చాలామందికి తెలియదు. నగరానికి వాయవ్యంగా ఉన్న దుండిగల్ వైమానిక దళ అకాడమీలో పైలట్ శిక్షణ పొందేవారిలో నౌకాదళ, తీరరక్షక దళ అధికారులూ ఉంటారు. అక్కడి గ్రాడ్యుయేషన్ పరేడ్‌లో నీలం యూనిఫాంల మధ్య తెల్ల యూనిఫాంలవారికి కూడా రెక్కల బ్యాడ్జి తొడుగుతారు. నౌకాదళ తొలి మహిళా పైలట్ సబ్ లెఫ్టినెంట్ శివాంగి దుండిగల్‌లో శిక్షణ పొంది, కొచ్చిలో డోర్నియర్ విమానం నేర్చుకుని, 2019 డిసెంబరు 2న రెక్కలందుకుంది. అంటే సముద్రం మీద నిఘా వేసే విమానాల పైలట్లలో కొందరు తొలి పాఠాలు నేర్చుకునేది మేడ్చల్ జిల్లా ఆకాశంలో. మళ్లీ కమాండర్, కెప్టెన్ హోదాలకు ఎదిగాక నౌకాదళ అధికారులు ఇదే ఊరికి వస్తారు, 1970లో ఇక్కడ మొదలైన కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో చదవడానికి.

అకాడమీ పరేడ్, గౌరవ వందనం, అమ్మానాన్నలు భుజాన చార తొడగడం, ఇవి ఫొటోల్లో కనిపిస్తాయి. అసలు పరీక్ష ఆ తరువాతది. ఎగ్జిక్యూటివ్ శాఖవారు కొచ్చిలోని తొలి శిక్షణ స్క్వాడ్రన్‌లో తీర్, తరంగిణి వంటి ఓడల మీద సముద్రం పట్ల భయం పోగొట్టుకుంటారు. యుద్ధనౌకల మీదకు వెళ్లి పని నేర్చుకుంటారు. ఆపై కోర్సులు. అన్నిటికంటే విలువైనది వాచ్ కీపింగ్ సర్టిఫికెట్. కెప్టెన్ నిద్రపోతున్నప్పుడు ఓడను ఈ మనిషి చేతిలో పెట్టవచ్చని చెప్పే కాగితం అది. ఎంబీబీఎస్ పట్టా వచ్చినా హౌస్ సర్జన్‌గా వార్డులో తిరగనిదే చేతికి రోగి నాడి అలవాటు కాదు కదా, ఇదీ అలాంటిదే. ఆ కాగితం లేని సబ్ లెఫ్టినెంట్ చట్టప్రకారం అధికారే. బ్రిడ్జి మీద మాత్రం ఇంకా విద్యార్థి.

రాత్రి రెండు గంటలు, విశాఖ నుంచి కాకినాడ వైపు దిగుతున్న యుద్ధనౌక. నావికుల లెక్కలో ఇది మిడిల్ వాచ్, అర్ధరాత్రి నుంచి నాలుగు దాకా. సర్టిఫికెట్ ఉన్న లెఫ్టినెంట్ పక్కన నిలబడి గమనిస్తుంటాడు, ఓడ నడిపే పని సబ్ లెఫ్టినెంట్‌ది. రాడార్ మీద కుడివైపు, తీరం దిశగా, ఆరు మైళ్ల దూరంలో చిన్న చుక్క. కంపాస్ రిపీటర్ దగ్గరికి వెళ్లి దాని దిశ కొలుస్తాడు. మూడు నిమిషాల తరువాత మళ్లీ కొలుస్తాడు. దూరం తగ్గింది, దిశ మారలేదు. దిశ మారకుండా దూరం తగ్గుతోందంటే ఢీకొనే ముప్పు ఉన్నట్టే. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు అతనికి కంఠతా వచ్చు. ఎదుటి ఓడ మన కుడివైపున ఉంటే దారి మనమే ఇవ్వాలి. వేటలో ఉన్న పడవ అయితే ఎటువైపున్నా దారి ఇవ్వాలి. ఇచ్చేది ముందుగానే, ఎదుటివారికి స్పష్టంగా తెలిసేలా ఇవ్వాలి. ఓడను కుడికి తిప్పి ఆ పడవ వెనక నుంచి పోదామని ఆజ్ఞ నోటి దాకా వస్తుంది.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు. "సర్, మరబోటులా ఉంది. వెనకాల వల వదిలి ఉంటారు. ఇంకాస్త ఎడం ఇస్తే మంచిది." ఇరవై ఐదేళ్లుగా ఈ తీరం ఎరిగిన మాస్టర్ చీఫ్. పుస్తకం చెప్పింది తప్పు కాదు. కానీ ఆ పుస్తకం రాసినవారికి కాకినాడ వలలు ఎంత పొడవుంటాయో తెలియదు. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే ఓడకు ఇబ్బంది, వల తెగితే ఆ జాలరి కుటుంబానికి నెలల తిండి పోయినట్టే. సబ్ లెఫ్టినెంట్ తల ఊపి, మలుపు పెంచుతాడు. కెప్టెన్‌కు ఫోన్ చేసి చెబుతాడు. ఆజ్ఞ ఇచ్చింది అతనే. ఆ ఆజ్ఞను సరిదిద్దింది మాత్రం చట్టం నావికుడిగా లెక్కించే మనిషి. ఇలాంటి రాత్రులు కొన్ని వందలు గడిస్తే తప్ప ఆ చార బరువు తెలియదు.

ఆ రాత్రులు తగ్గిస్తే ఏమవుతుందో అమెరికా చూపించింది. 2003లో అక్కడి నౌకాదళం, కొత్త అధికారులు ఓడ ఎక్కే ముందు చేసే కొన్ని నెలల తరగతి కోర్సును తీసేసి, కంప్యూటర్ డిస్కులు చేతిలో పెట్టి నేరుగా ఓడల మీదకు పంపింది. డబ్బు, సమయం ఆదా అవుతాయని లెక్క. ఓడల మీద అప్పటికే పని ఎక్కువ, మనుషులు తక్కువ. డిస్కులు చూసే తీరిక ఎవరికుంది? తరువాత ఆ నిర్ణయాన్ని మార్చుకున్నారు గానీ, శిక్షణలో పల్చదనం అలాగే మిగిలింది. 2017 జూన్ 17న ఫిట్జ్‌జెరాల్డ్ యుద్ధనౌక జపాన్ తీరంలో సరుకు ఓడను ఢీకొని ఏడుగురు నావికులు చనిపోయారు. రెండు నెలలకే సింగపూర్ దగ్గర జాన్ మెకైన్ నౌక ట్యాంకర్‌ను ఢీకొని పదిమంది చనిపోయారు. విచారణల్లో అలసట, నాసిరకం శిక్షణ, కుంటుపడిన పర్యవేక్షణ మళ్లీ మళ్లీ బయటపడ్డాయి. శిక్షలు పడినవారిలో కుర్ర అధికారులున్నారు. శిక్షణను కుదించిన నిర్ణయం మాత్రం వాళ్లలో చాలామంది చేరకముందే జరిగిపోయింది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటుంది. 1908 జూలైలో చెస్టర్ నిమిట్జ్ అనే ఎన్సైన్ డెకేటర్ అనే డిస్ట్రాయర్‌కు కమాండర్‌గా ఉన్నాడు. వయసు ఇరవై మూడు. ఫిలిప్పీన్స్‌లో బటంగాస్ రేవు ముఖద్వారంలో ఓడను బురద దిబ్బ మీదకు ఎక్కించాడు. కోర్ట్ మార్షల్ జరిగింది, మందలింపు పత్రం వచ్చింది. అక్కడితో అతని కథ ముగిసిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన ఫ్లీట్ అడ్మిరల్ ఆయనే. ఒక కుర్రాడి తప్పును తూకం వేసి, క్షమించి, మళ్లీ ఓడ చేతికిచ్చే ఓపిక ఆ రోజుల్లో ఒక సంస్థకు ఉండేది. నేడు కెమెరాలు, వందల కోట్ల ఖరీదు ఓడలు, వెంటనే వచ్చే పత్రికా ప్రకటనల మధ్య ఆ ఓపిక తగ్గిపోతోంది. తప్పు చేయకూడదన్న భయంలో పెరిగిన సబ్ లెఫ్టినెంట్ ప్రతిదానికీ కెప్టెన్‌ను లేపుతాడు, లేదా లేపాల్సినప్పుడు లేపడు. రెండూ ప్రమాదకరమే. పుస్తకాల కోర్సులు ఎన్ని పెరిగినా, మన దగ్గర వాచ్ కీపింగ్ సర్టిఫికెట్‌కు కావలసిన సముద్ర కాలం ఒక్క వారం కూడా తగ్గకూడదు.

ఈ పదవి తలుపు మహిళలకు తెరుచుకున్నది రాందాస్ నౌకాదళాధిపతిగా ఉన్న 1992లో. ఆయన 1971 యుద్ధంలో బియాస్ నౌకను నడిపి వీర చక్ర పొందిన మనిషి. మొదట న్యాయ, విద్య, లాజిస్టిక్స్ శాఖల్లోనే తీసుకున్నారు, అదీ షార్ట్ సర్వీస్‌గానే. శాశ్వత కమిషన్ కోసం వాళ్లు సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. యానీ నాగరాజా కేసులో తీర్పు 2020 మార్చి 17న వచ్చింది. ఓడల్లో మహిళలకు తగిన వసతుల్లేవన్న వాదన కోర్టులో నిలవలేదు. అదే ఏడాది సెప్టెంబరు 21న కొచ్చిలో ఇద్దరు సబ్ లెఫ్టినెంట్లు, కుముదినీ త్యాగి, హైదరాబాద్ అమ్మాయి రీతీ సింగ్, యుద్ధనౌకల మీది హెలికాప్టర్లలో అబ్జర్వర్లుగా రెక్కలందుకున్నారు. నౌకాదళ కుటుంబంలో పుట్టిన రీతి చేతికి సోనార్, సెన్సార్ల బాధ్యత వచ్చింది. 2025 జూలై 3న విశాఖలోని ఐఎన్ఎస్ దేగాలో సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా ఫైటర్ విభాగంలో అడుగుపెట్టిన తొలి నౌకాదళ మహిళ అయింది. ఈ ముగ్గురూ ఆ ఘనత సాధించింది సబ్ లెఫ్టినెంట్ హోదాలోనే. అంతకు ముందు, 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి ఎనిమిది నెలల్లో భూగోళం చుట్టివచ్చిన తారిణి పడవలోని ఆరుగురిలో తెలంగాణ బిడ్డ ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ బిడ్డ స్వాతి ఉన్నారు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప తిప్పే ఎన్‌సీసీ నేవల్ వింగ్ ఆడపిల్లలకు ఇంతకంటే దగ్గరి ఆదర్శం అక్కర్లేదు.

తీరరక్షక దళం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రుస్తంజీ కమిటీ సిఫారసుతో పుట్టి, 1978 చట్టంతో నిలదొక్కుకున్న ఆ దళంలో ఇదే మెట్టు మీద ఉండేది అసిస్టెంట్ కమాండెంట్. కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నం కేంద్రాల్లో ఆ అధికారి తరచూ ఎదుర్కొనేది శత్రువును కాదు. తుఫానులో చిక్కిన జాలరిని, దొంగ డీజిల్‌ను, ఇంజిన్ చెడిన పడవను. బాధ్యత ఇంకా త్వరగా మీద పడుతుంది. చిన్న గస్తీ పడవలో సలహా అడగడానికి అనుభవజ్ఞులైన పై అధికారులు అంతమంది ఉండరు.

చివరిగా, ఈ చార భుజాన వేసుకునే మరో వర్గం గురించి పత్రికల్లో దాదాపు ఏమీ రాయరు. నావికుడిగా చేరి, కమిషన్ వర్దీ పథకంలోనో స్పెషల్ డ్యూటీస్ జాబితాలోనో నెగ్గి, సేవలో కొన్నేళ్లు గడిపాక అధికారి అయినవారు. వాళ్లలో ఇరవై రెండేళ్ల పట్టభద్రుడి చురుకు ఉండకపోవచ్చు. మిడిల్ వాచ్‌లో వల సంగతి చెప్పిన ఆ మాస్టర్ చీఫ్ అనుభవం మాత్రం నిండుగా ఉంటుంది. నావికుల హోదాల పేర్లను భారతీయ సంప్రదాయానికి తగినట్టు మారుస్తామని 2023 డిసెంబరు 4న సింధుదుర్గ్‌లో ప్రధాని ప్రకటించారు. మంచిదే. కానీ ఆ అనుభవజ్ఞులకు కమిషన్ పొందే ఖాళీలు ఏటా పెంచడం, చేరిన మొదటి ఐదేళ్లలోనే పరీక్ష రాసే వీలు కల్పించడం, సైనిక సేవా వేతనంలో తేడా తగ్గించడం, ఈ మూడూ ఇంకా పెద్ద మార్పు తెస్తాయి. వేతన సంఘం ముందుకు వెళ్లే వినతుల్లో మాజీ సైనికుల సంఘాలు మొదట పెట్టాల్సిన కోరికలు ఇవే. ఆ సంఘాలకు సికింద్రాబాద్‌లో సభ్యులు తక్కువేమీ కాదు.